కూతమ్మ తల్లి నోరెందుకు తెరిచింది

తంగెళ్లపేట బస్టాండుల దిగి రైసుమిల్లు సందు పట్టుకొని పోతే, ఇటుక బట్టీలు దాటినంక ఒక చిన్న గుట్ట కనపడ్తది. ఆటోవాళ్లకు "కూతమ్మ దగ్గరికి" అంటే చాలు. గుట్ట అంటే శానా ఎత్తు అనుకోవద్దు, ముసలోళ్లు సుత మధ్యల ఆగకుండ ఎక్కుతరు. పైన గోపురం లేదు, గంట లేదు. నాలుగు రాతి కంబాల మీద ఒక బండ కప్పు, దాని కింద మోకాలెత్తు నల్లరాయి. ఆ రాయికి రెండు కండ్లు, ఒక ముక్కు, గుండ్రంగ తెరిచిన నోరు. తల్లి ముంగట ఎర్రమట్టి కొట్టి సాపు చేసిన బరి. చెడుగుడు ఆడే బరి.

కొత్తగ వచ్చిన భక్తులు రెండు సంగతులు అడుగుతరు. అమ్మవారి నోరు తెరిచి ఎందుకున్నది? ఊరూర అమ్మవార్లకు కల్లు సాక పోస్తరు గద, ఈమెకు ఎందుకు పొయ్యరు? ఈ రెండిటికీ జవాబు ఒక్కటే కథ. పెద్దోళ్లు చెప్పంగ విన్నది విన్నట్టు ఇక్కడ రాసినం.

పూర్వం ఇక్కడ గుట్ట చుట్టూ తాటివనం ఉండె. ఇప్పుడు బట్టీల పొగ వస్తున్న జాగంత తాళ్లే. గాలి లేస్తే ఆకుల సప్పుడుకు వాన వచ్చిందనుకొని ఊర్లె ఆడోళ్లు ఎండపోసిన వడ్లు ఎత్తుకుంటుండిరట. అప్పటికే ఈ రాయి ఉన్నది. ఎవలు నిలబెట్టిన్రో ఎవలకూ తెలువది. అప్పుడు ఆమె పేరు కూతమ్మ కాదు, దూపమ్మ. నోరు తెరిచి ఉన్నది కాబట్టి తల్లి దూప మీద, దాహంతోని ఉన్నదని అందరూ అనుకున్నరు. పొద్దుగాల దించిన మొదటి కల్లు లొట్టి ఆమె నోట్లె పోసినంకనే మిగిలింది కల్లు అమ్మే మండువకు పోయేది.

ఆ వనంల తాళ్లెక్కే ఐలయ్య గౌడు ఉండెటోడు. పెండ్లాం కాలం చేసింది, పిల్లలు లేరు. చెల్లె లచ్చవ్వ మొగడు పోయినంక సంకల కొడుకును పెట్టుకొని అన్న ఇంటికొచ్చింది. ఆ పిలగాని పేరు ఓదెలు. ఐలయ్యకు వాడంటే పానం. వానికి మొదటిసారి చెప్పులు తెచ్చిన సంతరోజు, పిలగాడు చెప్పులు సంకల పెట్టుకొని నడిచొచ్చిండని ముసలితనంల సుత తలుచుకొని నవ్వేటోడట.

పొద్దుగూకే యాళ్లకు ఊరి పోరగాండ్లు వనం పక్కన ఈ బరి మీదనే చెడుగుడు ఆడేటోళ్లు. కూత పెట్టుడుల ఓదెలును మించినోడు చుట్టుపక్కల ఊర్లల్ల లేకుండె. "చెడుగుడు గుడు గుడు" అని మొదలువెడ్తే, చెట్టు మీద ఐలయ్య గెల చెక్కి, లొట్టి కట్టి, నడుముకు కట్టిన మోకు సదురుకునేదాక ఆ కూత తెగకపోయేది. రోజూ అదే వరస. పైన మామ పని, కింద అల్లుని కూత, రెండూ ఒక్కసారే అయిపోయేవి.

"ఓరి ఓదెలూ, జర ఊపిరి తీస్కోరా! నాకే ఆయాసమొస్తంది!" అని పైనుంచి అరిచేటోడు ఐలయ్య.

కూత మీద ఉన్నోడు మాట్లాడొద్దు గద. ఓదెలు తల ఎత్తకుండనే చెయ్యి ఊపేటోడు. ఆ సాయంత్రాలు ఎట్లుండెనో చెప్పమంటే, అవి చూసిన ముసలోళ్లు మాట మధ్యల ఆపి తాటివనం దిక్కు చూసెటోళ్లట.

గా కాలంల జాతరకు ఒక మర్యాద ఉండె. మీసం మొలిచిన పిలగానికి తల్లి ముంగట మేనమామ తాటాకు రేకల కల్లు పోసి తాగియ్యాలె. అదే మొదటి రేక.

"ఏం ఐలయ్యా, అల్లునికి మీసమొచ్చింది, కనపడ్తలేదా?" అన్నడు ఊరి పెద్ద కిష్టయ్య ఆ యేడు జాతరల.

"ఏడ మీసం? పొయ్యి దగ్గర మసి అంటింది." అందరూ నవ్విన్రు. ఓదెలు సుత నవ్విండు, సిగ్గువడుకుంట.

లచ్చవ్వ మాత్రం నవ్వలే. "వాడింక పిలగాడే అన్నా. నిన్నటిదాక నా కొంగు పట్టుకొని పండుకున్నోడు. ఇప్పుడేం తొందర?"

"తల్లి ప్రసాదం చెల్లె, ఏం కాదు" అన్నడు ఐలయ్య. రేక వంచిండు. పిలగాడు మొకం చిట్లించి మింగిండు. "మొగోడయ్యిండు!" అని డప్పు కొట్టిన్రు. ఐలయ్య ఛాతి అప్పుడు ఇంత వెడల్పయ్యింది.

ఆ రేకతోనే ఒక తలుపు తెరుచుకున్నది. సంతకొచ్చే మనిషొకడు బాట మీది మోరీ కింద నీడకు కూసొని, కల్లుల ఏదో తెల్లటి పొడి కలిపి అమ్మేటోడు. గంజాయి చిలుం సుత వాని దగ్గర దొరికేది. పోరగాండ్లకు మొదట ఊకెనే ఇచ్చిండు. ఎవడన్న వద్దంటే, "జాతరల తల్లి ముంగట తాగినవ్ గద, ఇయ్యాల మళ్ల పాలు తాగే పిల్లగానివైనవా?" అనేటోడు. ఆ మాటకు జవాబు లేక తాగేటోళ్లు. ఓదెలుకూ జవాబు దొరకలే.

ఒక సాయంత్రం ఐలయ్య గెల చెక్కుతుండంగనే కింద కూత తెగింది. చేతుల కత్తి అట్లనే ఆగింది. కాలు జారినంత భయమైంది ఆయనకు. మర్నాడు ఇంకా ముందే తెగింది.

దిష్టి తగిలిందనుకున్నడు. తల్లికి కోపమొచ్చిందనుకున్నడు. రెండు లొట్లు ఎక్కువ దించి ఆమె నోట్లె పోసి, ఆమె పేరు మీద ఓదెలుకు ఇంకో రేక పట్టిచ్చిండు. "తాగు బిడ్డా, ఊపిరి గట్టివడ్తది" అన్నడు. కల్లు తప్ప వేరే మొక్కు ఎరుగనోడు, ఇంకేం చేస్తడు? పోసిన కొద్దీ కూత చిన్నగైంది. కొన్నొద్దులకు ఓదెలు బరి మీదికి వచ్చుడే మానేసిండు. పైన ఐలయ్యకు ఆకుల సప్పుడు తప్ప ఏం వినపడలే.

ఒకనాడు పట్టపగలు ఓదెలు దోస్తు రాజలింగు ఉరికొచ్చిండు. "ఐలయ్య మామా! ఓదెలు లేస్తలేడు! మోరీ కింద పడున్నడు!"

మోకు పట్టు తప్పి ఛాతి గీరుకపోతున్నా ఐలయ్య సర్రున జారిండు. పిలగాని నోటెంట నురగ. ఊపిరి ఉన్నదో లేదో తెలువక లచ్చవ్వ వాని ముక్కు దగ్గర తన చెంప పెట్టి చూసింది. వైద్యుడు వచ్చిండు, చూసిండు. "బతుకుతడు గని ఊపిరి పాతలెక్క వస్తదో రాదో చెప్పలే" అన్నడు.

ఐలయ్య వాన్ని భుజాన ఏసుకొని తల్లి ముంగట పండవెట్టిండు. అలవాటుగ లొట్టి అందుకున్నడు. లచ్చవ్వ ఆ చెయ్యి గట్టిగ పట్టుకున్నది.

"ఇంకెంత పోస్తవన్నా? దూప తల్లికా, మీకా?"

లొట్టి అక్కడనే పెట్టిండు ఐలయ్య. చెల్లె కండ్లల్లకు చూడలేకపోయిండు.

మర్నాడు మధ్యాహ్నం చెట్టెక్క మనసు రాక, మోకు మొదట్ల పడేసి, తాటిచెట్టుకు ఒరిగి కూసున్నడు. కన్ను అంటుకున్నది. కలల ఈ బరి మీద ఒక ముసలవ్వ కాసె పోసుకొని, కొప్పు బిగించి, నోరు గుండ్రంగ తెరిచి ఉరుకుతున్నది. ఐలయ్య దగ్గరికొచ్చి ఆగింది.

"దూపైతుందా అవ్వా?" అని అడిగిండు.

"దూపని నీకెవడు చెప్పిండు రా?" అని గదిరింది అవ్వ. "నేను నోరు తెరిచింది తాగనీకె కాదు. పోరగాండ్లతోని కూత పెడ్తున్న. మీ తాతల కాడి నుంచి నోట్లె కల్లు పోసి నా కూత బంద్ చేసిన్రు. ఇప్పుడు వాళ్లది బంద్ చేస్తున్నరు."

ఐలయ్య చేతులు జోడిచ్చిండు.

"నీ అల్లుని కూత తెచ్చి నా దగ్గర పెట్టు. నేను పైలంగ దాస్త. ఎవడన్న తాగు రమ్మంటే నా పేరు చెప్పమను, వానితోని నేను మాట్లాడుకుంట. తెగిందని ఇడిసిపెట్టకు. తెగిన కాడ నువ్వందుకో."

మెలకువ రాంగనే ఐలయ్య కుండల మంచినీళ్లు తెచ్చిండు. తల్లి నోట్లె ఏండ్లకేండ్లు ఎండిన కల్లు పెచ్చు కట్టి, చీమలు పట్టి ఉన్నది. కత్తి ఎనుక దిక్కుతోని మెల్లగ గీకిండు, కడిగిండు. అంత లోతు నోరని అప్పటిదాక ఎవలకూ తెలువది.

ఓదెలు లేచి తిరగవట్టినంక, మామ వాన్ని బరి మీదికి తోల్కొచ్చిండు. పిలగాడు సిగ్గుతోని తల ఎత్తలే. కూత మొదలువెట్టిండు. తల్లి చుట్టూ నాలుగడుగులు ఏసిండో లేదో దగ్గొచ్చి తెగింది. అప్పుడు ఐలయ్య, నెరిసిన మీసాలోడు, దోతి ఎగజెక్కి "చెడుగుడు గుడు గుడు" అని అందుకున్నడు.

"అరేయ్, ఐలయ్య తాత ఆటకొచ్చిండు రా!" అని పోరగాండ్లు పడి పడి నవ్విన్రు. ఐలయ్య ఆగలే. ఆయనకు ఆయాసమొచ్చి తెగేటప్పటికి రాజలింగు ఎనుక నుంచి అందుకున్నడు. అట్ల ఒక చుట్టు పూర్తయ్యింది. మర్నాడు మళ్ల. ఆ మర్నాడు మళ్ల. ఒక్కోనాడు ఓదెలు రానని గోడ దిక్కు తిరిగి పండుకునేటోడు. ఆనాడు మామ సుత పోకుండ వాని పక్కకే కూసునేటోడు.

ఒక సంతరోజు మోరీ కాడి మనిషి ఎదురైండు. పక్కకు పోరగాండ్లున్నరు. "ఏం రా ఓదెలూ, అమ్మ కొంగు పట్టుకున్నవట? ఒక్క దమ్ము కొట్టు, ఏం సస్తవా?"

ఓదెలు గుట్ట దిక్కు చెయ్యి చూపిచ్చిండు. "నా కూత తల్లి దగ్గరున్నది. నాది కానిదాన్ని నేనెట్ల ఖరాబు చేస్త? కావాల్నంటే గుట్టెక్కి ఆమెనడుగు."

పోరగాండ్లు నవ్విన్రు. ఈసారి నవ్వింది ఓదెలును చూసి కాదు. పిలగాండ్ల మీదికి ఆ మనిషి కాడ మాటలు ఉన్నయి గని, తల్లి మీదికి ఏం మాట ఉంటది? ఆనాటి సంది వద్దనాలనుకున్న పోరగాండ్లందరికీ ఒక మాట దొరికింది. కొన్ని సంతలు గడిచేసరికి మోరీ కింద నీడ ఖాళీ అయింది.

మళ్ల జాతరొచ్చింది. ఐలయ్య లొట్టి లేకుండ వచ్చిండు. రేకలల్ల లచ్చవ్వ కాచిన జొన్న అంబలి ఉన్నది. కిష్టయ్యకు కోపమొచ్చింది. "సాక పొయ్యకుంటె తల్లి ఊకుంటదా? ఊరికి కీడు తెస్తవా ఐలయ్యా?"

"కీడొస్తె నా మీదికే రానియ్యి పెద్దయ్యా. ఇయ్యాల ఒక్కసారి పిల్లల కూత ఇందాం" అన్నడు ఐలయ్య. అని, పక్కనున్న తాటిచెట్టు ఎక్కిండు. కూతను కొలిచే పద్ధతి ఆయనకు అదొక్కటే తెలుసు.

కింద ఓదెలు మొదలువెట్టిండు. ఐలయ్య గెల చెక్కిండు. కూత వినపడ్తనే ఉన్నది. చెట్టు మీదున్న లొట్టి మళ్ల కట్టిండు. వినపడ్తనే ఉన్నది. మోకు సదురుకున్నడు, కండ్లు మసకైనయి, చెట్టు దిగుతున్నడు, ఇంకా వినపడ్తనే ఉన్నది. నేల మీద కాలు పెట్టి చూస్తే ఓదెలు బరి అవతల నిలబడి, నోరు మూసుకొని, ఎగపోస్తున్నడు. రాజలింగు నోరు మూసుకొనే ఉన్నడు. ఊరంత నోరు మూసుకొనే ఉన్నది.

"నువ్వేనా రా అల్లుడా?"

"నేను కాదు మామా. నాది సగంలనే తెగింది."

"మరెవలు?"

ఓదెలు తల్లి దిక్కు చూపిచ్చిండు. కడిగిన ఆ నోట్లె నుంచి కూత వస్తనే ఉన్నది. చుట్టు పూర్తయ్యే అంతసేపు వచ్చి, మెల్లగ ఆగింది. కిష్టయ్య తన చేతుల రేకలున్న కల్లు వంపేసి, లచ్చవ్వ దగ్గరికి పోయి అంబలికి చెయ్యి పట్టిండు. ఆ పొద్దు నుంచి దూపమ్మ కూతమ్మ అయింది.

ఓదెలు ఊపిరి మళ్ల పాతలెక్క అయిందా అంటే, కాలేదనే పెద్దోళ్లు చెప్తరు. బతికినన్నాళ్లు సగం చుట్టే పెట్టగలిగిండు. గని ఆయనే తల్లికి మొదటి పూజారి అయిండు, ఊరి పిల్లలకు కూత నేర్పిండు. ఐలయ్య మాత్రం చెట్టెక్కినన్నాళ్లు, పొద్దుగూకంగ చెయ్యి ఆపి, పాత కూత కోసం కొద్దిసేపు చెవొగ్గేటోడట.

ఇప్పుడు ఆ వనం లేదు, గుట్ట పక్కన నాలుగు తాళ్లు మిగిలినయి. గల్లీలల్ల చెడుగుడు ఆడే పిల్లలూ తక్కువైన్రు. మర్యాద మాత్రం తప్పలే. ఉగాది ఎల్లినంక వచ్చే ఆదివారం తల్లి నోరు మంచినీళ్లతోని కడుగుతరు. ఈడుకొస్తున్న పిల్లలు, ఆడపిల్లలు సుత, తల్లి చుట్టూ కూతతోని తిరుగుతరు. ఇక్కడ మంత్రం లేదు, చెడుగుడే మంత్రం. అయినంక మామనో అత్తనో రేకల అంబలి పోస్తరు. అట్ల పోసేటోళ్లు ఆనాడు మందు ముట్టకుండ రావాలె. అది తల్లి కట్టడి. తిరిగిన పిల్లలను తర్వాత ఎవలన్న తాగు రమ్మంటే "నా కూత కూతమ్మ దగ్గరున్నది" అంటరు. తంగెళ్లపేటల ఆ మాట మీద ఎవలూ బలవంతం చెయ్యరు.

ఇప్పటికే అలవాటుల పడ్డ పిల్లలను తల్లులు ఏ ఆదివారమైన తోల్కొస్తరు. దవాఖానకు సుత తీస్కపొమ్మని పూజారే చెప్తడు, తల్లి వద్దనదు. ఎంతమందికి ఇక్కడ మళ్ల ఊపిరి నిలబడిందో ఆమెకే ఎరుక. ఒక్క నేమం యాది పెట్టుకోండ్రి. తిరుగుతుండంగ ఎవలదన్న కూత తెగితే, ఎందుకు తెగిందని ఇక్కడ ఎవలూ అడగరు. ఎనుకున్నోళ్లు అందుకుంటరు. చుట్టు సగంల ఆగుడు ఈ గుట్ట మీద లేదు.

సాయంత్రం బస్సు కోసం మీరు గుట్ట దిగేటప్పుడు ఎనుక నుంచి కూత వినపడొచ్చు. ఎవలదని తిరిగి చూడకుండ్రి. ఎవలదో తెగింది, ఎవలో అందుకున్నరు.