నలభయ్యో పొగ

పూర్వం ఒక రాజధానిలో కోట వెనక మేదరపేట ఉండేది. ఆ రాజు పేరు మరిచిపోయాను. ఒకప్పుడు చరిత్ర పరీక్షకు బట్టీపట్టిన పేర్లలో ఏదో ఒకటి. అదలా ఉంచండి. ఆ ఏడాది బుట్టలు కొనే దిక్కులేక, గంజిసత్రం తెరిపించమని పేట మొరపెట్టుకుంది. రాజు, చూసి రమ్మని ధర్మాధికారి భూపతయ్యను పంపాడు.

ఆ సందుల్లో కాలు పెట్టడం భూపతయ్యకు అసహ్యం. సాయంత్రం కోట బురుజెక్కి చూసి, మర్నాడు సభలో చెప్పాడు:

"మహాప్రభూ, నలభై ఇళ్ళు, నలభై పొగలు. ఇంటింటా వంట అవుతోంది. సత్రం దండగ."

మొర చెప్పుకోవడానికి వచ్చిన గురవమ్మ, బుట్టలల్లే మనిషి, మెల్లగా అడిగింది:

"సరిగ్గా నలభయ్యేనా, అయ్యగారూ?"

"రెండుసార్లు లెక్కపెట్టాను."

"నిన్న మా ఇంట పొయ్యి రాజెయ్యలేదండి. శవం లేచిన ఇంట రాజెయ్యరు కదా. మరి నలభయ్యో పొగ ఎక్కడిది?"

జవాబూ గురవమ్మే చెప్పింది:

"అది పేట చివర వల్లకాట్లో నా మొగుడిది. పస్తులతో పోయాడు. తక్కిన పొయ్యిల మీద ఉడికేవి ఒట్టి నీళ్ళు. పస్తున్నట్టు పక్కింటికి తెలియకూడదని సాయంత్రమయ్యేసరికి అందరం వెదురు పేళ్ళు అంటిస్తాం. కావాలంటే దిగొచ్చి మూతలు తీసి చూడండి."

రాజు ఆ పూటే సత్రం తెరిపించాడు.

సాయంత్రం భూపతయ్య మళ్ళీ బురుజెక్కాడు. పేట మీద ఒక్క పొగా లేదు. కడుపులో ఇంత గంజి పడింది కనుక, ఆ పూట ఎవరికీ దాచుకోవలసింది ఏమీ లేకపోయింది.