చుట్టుగోడకు బిరడా

పన్నెండేళ్లుగా బత్తాయి తోట పెద్ద అయిన బాబానే నమ్ముకుని పడి ఉన్నవాడు దస్తగిరి. నిన్నగాక మొన్న వచ్చిన హుసేనప్పకు బాబా డీజిల్ ట్యాంకు అప్పగించేసరికి అతడు ఓర్వలేకపోయాడు.

చూసేవాళ్లకు అదేం పెద్ద పనిలా కనిపించదు. కానీ ఆ చీనీ తోటలో అంతకు మించిన నమ్మకం లేదు. ఇంజన్లకు డీజిల్ నిలవ చేసే ట్యాంకు అది. దిగువనే మూడు పల్లెలు నీళ్లు తాగే బావి. అందుకే బాబా ట్యాంకు చుట్టూ నడుమెత్తు గోడ కట్టించాడు. ట్యాంకు మొత్తం ఒలికినా గోడ లోపలే ఆగాలి. వాన నీళ్లు పోవడానికి అడుగున ఒక తూము, దానికి కొయ్య బిరడా. బిరడా బిగించనిదే ట్యాంకులో చుక్క పొయ్యకూడదు. ఈ నియమాలన్నీ దస్తగిరి నిద్రలో లేపి అడిగినా అప్పజెప్పగలడు. అయినా బాబా కంటికి ఆనింది హుసేనప్పే.

ఒకరోజు పొద్దున వాన వెలిశాక హుసేనప్ప తూము తెరిచాడు. అంతలో డీజిల్ లారీ వచ్చి హారన్ కొట్టింది. అతడు బిరడా గోడ మీదే మరిచిపోయి, గొట్టం భుజాన వేసుకుని నిచ్చెనెక్కేశాడు.

దస్తగిరి చూశాడు. బిరడా చేతికందేంత దూరంలో ఉంది. తీసి బిగిస్తే అయిపోయేది. కానీ వీడి నిర్వాకం బాబా కళ్లారా చూస్తే బాగుండునని అతడికి ఆశ పుట్టింది. చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

కాసేపటికి గొట్టం జారింది. డీజిల్ బుడబుడా గోడ లోపల పడింది. హుసేనప్ప పైనుంచి లారీవాణ్ణి ఆపమని కేకేశాడే గానీ కంగారు పడలేదు. కింద గోడ ఉందన్న ధైర్యం అతడిది.

దస్తగిరి అప్పుడు బాబా గుడిసెకు పరుగెత్తాడు.

బాబా కర్ర ఊతంగా వచ్చాడు. వంగి, బిరడా తూములో పెట్టి కర్రతో రెండు దెబ్బలు వేశాడు. అప్పటికే డీజిల్ తూములోంచి బయటి కాలువలో పడి బావి వైపు ఇరవై అడుగులు పోయింది.

"తెరిచిందెవరు?" అని అడిగాడు మెల్లగా.

"హుసేనప్ప, బాబా." ఆ పేరు చెప్పేటప్పుడు దస్తగిరి గొంతులో సంతోషం దాగలేదు.

"తెరిచి ఉంచిందెవరు?"

బాబా పక్కనున్న పార తీసి అతడి చేతిలో పెట్టాడు. దస్తగిరి కాలువలోకి దిగి అడ్డంగా మట్టి పోయసాగాడు.

ఇంతలో హుసేనప్ప పరుగున వచ్చాడు. తూమును చూసి, కాలువను చూసి తల బాదుకున్నాడు. తానూ దిగి, డీజిల్‌తో తడిసిన మట్టిని చేతులతోనే తోడుతూ, "నా మతి మండ. నువ్వు చూసినావు కాబట్టి బాయి దక్కింది అన్నా" అన్నాడు.

బాబా ఆ మాట విన్నాడు. దాన్ని సరిదిద్దకుండానే గుడిసె వైపు నడిచాడు.

దస్తగిరికి హుసేనప్ప ముఖం చూసే ధైర్యం లేకపోయింది.