ఎదురింటి పొయ్యి

ప్రశ్న అడిగితే వేదాద్రి గురువుగారు వెంటనే జవాబు చెప్పరు. ముందు చెప్పులు వెతుక్కుంటారు. అవి దొరికాయంటే ఆ రోజు పాఠం వీధిలోనే.

బెల్లంపల్లిలో ఆయన ఆశ్రమం. కాలేజీలో భూగోళం చెప్పే శిష్యుడు రాజలింగం ఆ శనివారం మంచి హుషారుగా వచ్చాడు. మర్నాడు భక్తుల ముందు మాట్లాడాలి.

"గురువుగారూ, ఐరోపాలో బ్రిటన్ బొగ్గుతో కరెంటు తీయడమే మానేసింది. డెన్మార్క్ గాలిమరలు పెట్టుకుంది. పోలండ్ మాత్రం ఇంకా బొగ్గునే పట్టుకు వేలాడుతోంది. మన వంటింట్లోనూ రాక్షసిబొగ్గు మానేశాం కదా! మనల్ని బ్రిటన్ వరసలో నిలబెట్టి, పోలండ్‌ను నాలుగు మాటలు అనొచ్చా?"

ఆశ్రమంలో పేడగ్యాస్ పెట్టించింది అతనే. ఆ ఘనత చెప్పుకోవాలని మనిషి ఉవ్విళ్ళూరుతున్నాడు. తప్పేం లేదు, వంటిల్లు అద్దంలా అయింది మరి.

గురువుగారు చెప్పులు తొడుక్కుని, అతన్ని వెంటబెట్టుకుని వీధి దాటారు. ఎదురింటి ఓదెలమ్మ వాకిట్లో బొగ్గుల పొయ్యి మీద బూందీ మూకుడు కాగుతోంది. పొగకు కళ్ళు మండుతున్నాయి. పేడగ్యాస్ మంట చాలడం లేదని ఆశ్రమం ప్రసాదాల పని ఆమెకు అప్పజెప్పిందీ రాజలింగమే. ఆ సంగతి ఇప్పుడు గుర్తొచ్చింది, పాపం.

"రా అయ్యా, కూసో" అంది ఓదెలమ్మ, దగ్గుతూనే నవ్వుతూ. "మీ పొయ్యి బందైనకాంచి నా పొయ్యి ఆర్తనే లేదు. పని దొరికింది, సంబురమే. గీ దగ్గే జర ఇడుస్తలేదు."

రాజలింగం సిగ్గుతో చితికిపోయాడు. ఆమె చేతిలోని గరిటె తీసుకుని కాసేపు తనే బూందీ దూశాడు. చొక్కా తడిసిపోయింది.

"ఇంకో గొయ్యి తవ్విస్తే నీ పొయ్యికీ గ్యాస్ వస్తుందమ్మా" అన్నాడు చివరికి.

"తవ్వియ్యి బిడ్డా, పేడ నేను తెస్త."

గురువుగారు అరుగు మీద కూర్చుని వేడి బూందీ హాయిగా నములుతున్నారు. రాజలింగం ఆయన పక్కన చేరాడు.

"అయితే మనం మానేశామన్నది అబద్ధమేనా, గురువుగారూ?"

"అబద్ధమెందుకు? నీ వంటింట్లో పొగ లేదు. బ్రిటన్‌లోనూ తగ్గింది. సంతోషించు."

"మరి రేపు పోలండ్‌ను ఏమనమంటారు?"

గురువుగారు చేతులు దులుపుకుని లేచారు.

"ముందు వాళ్ళ బొగ్గు పొయ్యి మీద వండింది ఏయే దేశాలు తింటున్నాయో కనుక్కో."