సుంకులమ్మ అడుగుతాంది

అనగనగా ఒక ఊళ్లో సుంకులమ్మ అని ఒకామె ఉండేది. ఎన్నాళ్ల కిందటంటే, మా అవ్వకు వాళ్ల అవ్వ చెప్పింది, ఆమెకెవరు చెప్పారో నన్నడక్కండి. బొరుగులు వేయించి, గంపనెత్తుకుని ఊళ్లు తిరిగి అమ్ముకునేది. మొగుడు లేడు, పిల్లలు లేరు. ఒక నల్లపిల్లి ఉండేది, పేరు బొగ్గి. బొరుగుల మూటల జోలికి ఎలుకల్ని రానిచ్చేది కాదు. సుంకులమ్మ చేతులు చాపితే చాలు, వచ్చి ఆ చేతుల్లో ముడుచుకుని పడుకునేది.

ఒక ఎండాకాలం బొగ్గికి ఆయాసం పట్టుకుంది. మెడ ముందుకు చాచి, నోరు తెరిచి, డొక్కలెగరేస్తూ ఊపిరి తీసేది. పొగ పడలేదేమోనని సుంకులమ్మ పొయ్యి ఆర్పేసింది. తగ్గలేదు. దుమ్మేమోనని ఇల్లంతా అలికింది. తగ్గలేదు. ఇక తెలిసినవాళ్లను పిలుద్దామని బయల్దేరింది. ఆ ఊళ్లో తెలియనివాడంటూ ఒక్కడూ లేడు, అదీ వచ్చిన చిక్కు.

మొదట మంత్రాల గంగులప్ప వచ్చాడు. దీనికేమైందన్నా అని అడిగింది.

"నాకు తెల్సులేమ్మే, నువ్వు పట్టుకో" అన్నాడు.

ఆమె పట్టుకుంది. వాడు నిప్పుల మీద ఎండుమిరపకాయలు వేసి పిల్లి మూతికి పొగ పట్టాడు. ఊపిరాడని ప్రాణికి మిరప పొగ పెట్టాడండీ, వాడి నోట్లో మన్ను పడ. ఆయాసం ఎక్కువైంది.

తర్వాత చెట్లమందు ఓబులేసు వచ్చాడు. సుంకులమ్మ మళ్లీ అదే అడిగింది. వాడూ అదే మాట అన్నాడు, నాకు తెల్సులేమ్మే, నువ్వు పట్టుకో అని. ఆమె పట్టుకుంది. వాడు ముక్కులో పసరు పోశాడు. బొగ్గి ఉక్కిరిబిక్కిరై, నురగ కక్కి, గింజుకుని అటకెక్కింది. సుంకులమ్మ చేతులు చాపింది. అది ఆ చేతుల్ని చూసి వెనక్కి జరిగింది.

మూడోవాడు తిమ్మరాయుడు. చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ పశువుల వైద్యుడు. ఎద్దుకైనా, ఎనుముకైనా, మేకకైనా వాత పెట్టడమే అతని వైద్యం. కడ్డీ ఎర్రగా కాల్చాడు. చూడ్డానికి ఊరంతా వచ్చింది. సుంకులమ్మ బొగ్గిని దుప్పట్లో చుట్టి తెచ్చింది. లోపల దాని గుండె దడదడమని కొట్టుకుంటోంది.

"దీనికేమైందో చెప్పు మామా."

"చెప్తే నీకర్థమైతాదా? నాకు తెల్సులేమ్మే, నువ్వు పట్టుకో."

సుంకులమ్మకు ఒళ్లు మండింది. దుప్పటి విప్పి పిల్లిని వదిలేసింది. రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.

"నీకు తెలీదు. వాళ్లిద్దరికీ తెలీదు. తెలీదని ఒక్కరన్నా చెప్పింటే దీన్నిట్లా హింస పెట్టనిచ్చేదాన్ని కాదు. చేసింది మీరే గానీ, పట్టుకునింది నేను. ఇంక పట్టను."

మందు చేయించకుండా చంపుకుంటావా అని జనం ఆమె మీద పడ్డారు. ఆమె కడ్డీని చల్లటి కొస పట్టి లాగి, కుడితి తొట్టిలో ముంచేసింది.

ఆ తర్వాత ఏం చేయాలో ఆమెకూ తెలియదు. గిన్నెలో నీళ్లు పెట్టి, అటక వైపు వీపు తిప్పుకుని కూర్చుంది. అటక మీద ఆయాసం వినబడుతూనే ఉంది. మూడో నాడు బొగ్గి దిగివచ్చి ఆమె వీపుకు ఆనుకుని పడుకుంది. ముట్టుకుంటే మళ్లీ పారిపోతుందేమోనని సుంకులమ్మ కదల్లేదు. దాని ఊపిరి పైకీ కిందికీ కొట్టుకోవడం వీపుకు తెలుస్తోంది. మధ్యాహ్నానికి అదీ ఆగిపోయింది.

దానికొచ్చిన జబ్బేమిటో సుంకులమ్మకు తెలియదు. నాకూ తెలియదు. తెలుసని ఎవడైనా చెప్తే నమ్మకండి.

ఆమె కోపం మాత్రం చల్లారలేదు. ఎక్కడ ఏ గొడ్డును కట్టిపడేసి వాత పెడుతున్నా, బొరుగుల గంప దించి, అడ్డం నిలబడేది. ఏమైందో తెలుసా, తెలీదా అని అడిగేది. పిచ్చిదన్నారు. నెట్టేశారు. ఒకసారి రాళ్లు కూడా వేశారు. చచ్చేదాకా అడుగుతూనే ఉంది.

ఇప్పటికీ ఆ చుట్టుపక్కల పల్లెల్లో వైద్యుడు వస్తే జనం ముందుగా చేతులు వెనక్కి పెట్టుకుంటారు. "సుంకులమ్మ అడుగుతాంది, తెలుసా, తెలీదా?" అంటారు. తెలిస్తే జబ్బు పేరు చెప్పాలి. తెలియకపోతే తెలియదని చెప్పాలి. తెలియదన్నవాడికి మంచం వాల్చి మజ్జిగ ఇస్తారు, ఏం చేద్దామో కలిసి ఆలోచిస్తారు. తెల్సులే, పట్టుకోండి అన్నాడా, ఎద్దు నేల మీద పడి రొప్పుతున్నా సరే, పట్టుకోవడానికి ఒక్క చెయ్యీ ముందుకు రాదు.