ఎనభై చింతగింజలు

అనంతపురం జిల్లాలోని ఒక డిగ్రీ కాలేజీలో శాంతమూర్తి అనే ఆటల మాస్టారు ఉండేవాడు. మనిషి మంచివాడే గాని, బాగా ఆడేవాడొకడు దొరికితే వాడి చేతిలోంచి బంతి తీసి ఇంకొకడికి ఇవ్వడానికి ఆయనకు మనసొప్పేది కాదు. పేరులో శాంతం ఉంది. గ్రౌండులో మాత్రం ఆ శాంతాన్ని ఎవరూ చూడలేదు.

ఆ కాలేజీ కుర్రాళ్ళు బేస్‌బాల్ ఆడేవారు. ఆ ఆటలో బంతి విసిరేవాణ్ణి పిచ్చర్ అంటారు. క్రికెట్లోలాగా ఓవరుకొకరు మారడం ఉండదు. మాస్టారు మార్చేదాకా ఒక్కడే, ఒంట్లో బలమంతా మోచేతిలోకి తెచ్చుకుని విసురుతూ ఉండాలి. ఈ కాలేజీ పిచ్చర్ ఓబులేసు. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. ఎవరేమడిగినా కాదనలేడు, అదొక జబ్బు వాడికి. పోలీసు ఉద్యోగానికి రాతపరీక్ష గట్టెక్కి, దేహదారుఢ్య పరీక్షల కోసం ఎదురుచూస్తున్నాడు. అందులో ఇనుపగుండు విసరాలి. అంటే వాడి బతుకుతెరువు కూడా ఆ కుడిచేతి మీదే ఉంది. ఈ సంగతి మాస్టారికీ తెలుసు.

రెండో పిచ్చర్ ఒకడున్నాడు, ఖాజా. ఉన్నాడన్న మాటే గాని, ఏడాది పొడుగునా బెంచీ మీద కూర్చుని నీళ్ళసీసాలు అందించడమే వాడి ఆట.

పిచ్చర్ ఎవరైనా రోజుకు ఎనభై బంతులకు మించి విసరకూడదని, విసిరాక మూడు రోజులు చేతికి పని చెప్పకూడదని ఏడాది మొదట్లో మాస్టారే నియమం పెట్టాడు. లెక్క చూసే పని గ్రౌండులో సున్నంతో గీతలు గీసే గంగన్నకు అప్పగించాడు. గంగన్న ఎనభై చింతగింజలు ఏరి చొక్కా కుడిజేబులో పోసుకునేవాడు. బంతి పడిన ప్రతిసారీ ఒక గింజ ఎడమజేబులోకి మార్చేవాడు. కుడిజేబు ఖాళీ అయితే లేచి నిలబడేవాడు. నియమాలు పెట్టడం మనకు చాలా సులువు. కప్పు కళ్ళ ముందు కనిపించినప్పుడే కష్టం.

ఆ ఏడు కాలేజీల పోటీలు మూడు రోజులు జరిగాయి. మొదటి రోజు కుడిజేబు ఖాళీ కాగానే గంగన్న లేచాడు.

"ఇంకో పది బంతులు, గంగన్నా," అన్నాడు మాస్టారు.

ఆ పది ముప్పై అయ్యాయి. కాలేజీ గెలిచింది. మర్నాడు ఖాజా వంతు రావాలి. కానీ ఓబులేసే విసిరాడు, తొంభై బంతులు. "రేపొక్కరోజే కదా, ఆ తర్వాత అంతా విశ్రాంతే," అన్నాడు మాస్టారు. ఈ మాట నేను చాలా గ్రౌండుల్లో విన్నాను. గ్రౌండుల్లోనే కాదు, ఆఫీసుల్లోనూ వంటిళ్ళలోనూ విన్నాను. విని విని విసుగొచ్చింది.

మూడో రోజు పొద్దున ఓబులేసు ఎడమచేత్తో తల దువ్వుకున్నాడు. నీళ్ళసీసా మూత తిప్పలేక ఖాజా చేతికిచ్చాడు.

"సార్‌తో చెప్పన్నా," అన్నాడు ఖాజా.

"ఈ ఒక్క ఆటే కదప్పా," అన్నాడు ఓబులేసు.

ఫైనల్ మొదలైంది. ఆట ఇంకా కొంత మిగిలి ఉండగానే కుడిజేబు ఖాళీ అయింది. అప్పటికి కాలేజీ ఒకే ఒక్క పరుగు ముందుంది. గంగన్న లేచి, ఖాళీ జేబు బయటికి లాగి చూపించాడు. మాస్టారు దగ్గరికొచ్చి, గంగన్న ఎడమజేబులో చెయ్యిపెట్టి, గుప్పెడు గింజలు తీసి మళ్ళీ కుడిజేబులో పోశాడు.

"ఇప్పుడు చూడు, ఇంకా సగం ఉన్నాయి!" అన్నాడు.

పిల్లలు నవ్వారు. ఓబులేసూ నవ్వాడు. గంగన్న నవ్వలేదు.

"మా నాయన కపిల తోలేటోడు సార్," అన్నాడు. "ఎద్దులు బావిలోంచి ఎనభై బానల నీళ్ళు తోడినాక కాడి ఇప్పేసేటోడు. మడి కొసన తడవకున్నా సరే. ఎద్దుకు నోరు లేదు, చాలని చెప్పలేదు. అందుకే గింజలు పెట్టుకునేటోడు."

"వీడికి నోరుంది కదయ్యా!" అన్నాడు మాస్టారు. వెనక్కి తిరిగి, "ఏరా ఓబులేసూ, నొప్పిగా ఉందా?" అని గట్టిగా అడిగాడు.

అందరూ ఓబులేసు వైపు చూశారు.

"లేదు సార్," అన్నాడు వాడు.

తర్వాత నాలుగు బంతులు బాగానే పడ్డాయి. ఐదో బంతి విసిరేటప్పుడు ఎండుపుల్ల విరిగినట్టు చిన్న చప్పుడైంది. బంతి మూడడుగుల దూరంలో పడింది. ఓబులేసు మోచెయ్యి పట్టుకుని మట్టిలో కూలబడ్డాడు. మాస్టారు పరుగెత్తుకుంటూ వెళ్ళేసరికి వాడన్న మొదటి మాట, "సారీ సార్."

బంతి ఖాజా చేతికొచ్చింది. ఏడాదిగా ఆటలో విసరని చెయ్యి అది. ఒక బంతి బ్యాటుదాకా చేరకుండానే నేలకు తగిలింది, ఒకటి తలల మీదుగా పోయింది. అవతలివాళ్ళు మూడు పరుగులు తీసి కప్పు పట్టుకెళ్ళారు. ఖాజాను తిట్టడానికి మాస్టారికి నోరు రాలేదు.

మోచేతి లోపల ఎముకల్ని పట్టి ఉంచే కట్టు తెగిందని డాక్టరు చెప్పాడు. ఆపరేషన్ చేయించినా ఏడాది పడుతుందన్నాడు. పోలీసు పరీక్ష ఇరవై రోజుల్లోనే ఉంది. అయినా ఓబులేసు వెళ్ళాడు. మాస్టారు కూడా వెళ్ళి కంచె బయట నిలబడ్డాడు. వాడు గుండును ఎడమచేత్తో విసిరాడు. మూడుసార్లూ అది గీతకు ఇవతలే పడింది.

తిరుగు బస్సులో ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. మాస్టారు, "ఆరోజే నొప్పుందని ఒక్క మాట చెప్పి ఉంటే ఆపేవాణ్ణి కదరా," అన్నాడు.

"మీరు నొప్పుందా అని అడగలేదు సార్," అన్నాడు ఓబులేసు నెమ్మదిగా. "లేదని చెప్పమని అడిగినారు."

ఊరొచ్చేదాకా మాస్టారు కిటికీ వైపే తిరిగి కూర్చున్నాడు. ఆయన ఏడ్చాడని ఓబులేసుకు తెలుసు. ఓదార్చే ఓపిక వాడికి లేకపోయింది.

మర్నాడు మాస్టారు గంగన్న ముందు చెయ్యి చాచాడు. గంగన్న ఎనభై గింజలూ లెక్కపెట్టి ఇచ్చాడు. ఆనాటి నుంచి అవి మాస్టారి జేబులోనే ఉన్నాయి. ఖాజాకు విసరడం నేర్పేది ఇప్పుడు ఓబులేసే. చేత్తో చూపించలేడు గనక నోటితో చెబుతాడు. మొన్న ఒక ఆటలో గింజలైపోగానే ఖాజా, "ఇంకో పది విసురుతా సార్," అని బతిమాలాడు. మాస్టారు ఖాళీ జేబు బయటికి లాగి చూపించి, బంతి తీసుకుని ఇంకొకడికిచ్చాడు. ఆ ఆట ఓడిపోయారు. ఖాజా చెయ్యి మాత్రం బాగుంది.

ఇందులో మనం తెలుసుకోవలసింది ఇదే: బాగా పనిచేసే చేతికి వేళకు విశ్రాంతి ఇవ్వనివాడు ఆ చేతినీ పోగొట్టుకుంటాడు, పక్కన ఎదగవలసిన ఇంకో చేతినీ పాడుచేస్తాడు.