సుంకులమ్మ మిద్దె

మీ తాతకు తాత కూడా పుట్టని కాలంలో కొండ కింద ఒక పట్నం ఉండేది. ప్రతి మిద్దె మీదా నున్నటి నల్లబండలు పరిచి ఉండేవి. ఆ బండల మెరుపంటే ఊరివాళ్ళకు గొప్ప.

ఎండాకాలం వస్తే మాత్రం బండ కాగేది, మిద్దె కాగేది, మనిషి కాగేవాడు. ఒక ఏడు ముగ్గురు ముసలివాళ్ళు పోయారు. మరో ఏడు ఆరుగురు. మూడో ఏడు లెక్కపెట్టడం మానేశారు.

ఆ పట్నంలో సుంకులమ్మ అని ఒకామె. గోడలకు సున్నం కొట్టి బతికేది. పక్కింటి ఓబులక్క మగ్గం నేసి నేసి, నడుము పడిపోయి మంచం పట్టింది. ఒక మధ్యాహ్నం సుంకులమ్మ గంజి తీసుకుపోతే, ఓబులక్క కళ్ళు తేలేసి ఉంది.

"ఏమైందక్కా?"

"నెత్తిన పొయ్యి పెట్టినట్టుంది సుంకులూ. గంజి వద్దు."

సుంకులమ్మ ఆమెకు తడిగుడ్డ చుట్టింది. సున్నం కొట్టిన గోడ ఎంత ఎండలోనూ చేతిని కాల్చదని ఆమెకు తెలుసు. కుండెడు సున్నంలో బంక కలిపి ఓబులక్క మిద్దె ఎక్కింది. ఒక పూత పూసింది. ఆరాక ఇంకో పూత. ఆరాక మూడో పూత. మర్నాడు మధ్యాహ్నం ఓబులక్క గంజి అడిగి తాగింది.

సంగతి పట్నం పెద్ద వీరన్నకు తెలిసింది.

"బండల మెరుపు చెడగొట్టావు. కడిగెయ్" అన్నాడు.

"కడుగుతానయ్యా. ముందు చెప్పులు విడిచి ఒకసారి పైకి రండి."

వీరన్న తెల్లబండ మీద నిలబడ్డాడు. కాలు కాలక, అక్కడే నిలబడి మాట్లాడాడు. తర్వాత ఆమె చూపిన పక్క మిద్దె మీద కాలు పెట్టాడు. పెట్టీ పెట్టగానే వెనక్కి దూకాడు.

అరికాలు రుద్దుకుంటూ తెల్లబండ మీద కూర్చున్నాడు.

"మా అమ్మ పోయింది ఇలాంటి బండ కిందే" అన్నాడు మెల్లగా. "కడగొద్దులే తల్లీ. మా మిద్దెకూ పుయ్యి."

ఆ ఏడు ఒక వీధి తెల్లబడింది. మరుసటి ఏడు ఇంకో వీధి. మూడో ఏడు పట్నమంతా. "ముందెవరిదమ్మా?" అని అడిగితే, "మిద్దె ఎక్కలేనివాళ్ళది" అనేది సుంకులమ్మ. సున్నానికి ఆమె చేతులు పగిలిపోయాయి. అయినా మానలేదు.

ముసురు పట్టిన ఒక పగలు, సుంకులమ్మ కునుకులోనే పోయింది.

ఇప్పటికీ అక్కడ ఉగాది వెళ్ళగానే వీధి వీధంతా సున్నం నానబెడతారు. ఎవరూ ముందు తమ మిద్దె ఎక్కరు. కుండ చుట్టూ చేరి, "ఈ ఏడు సుంకులమ్మ మిద్దె ఎవరిది?" అని అడుగుతారు. ఆ వీధిలో మంచాన ఉన్నదెవరని అర్థం. పేరు వినబడగానే ఆ ఇంటికి నిచ్చెన వేస్తారు.