గాడిదకు రెండో కన్ను

ఒకానొక రాజ్యంలో ప్రచండసేనుడనే రాజుండేవాడు. రాజ్యం చిన్నది, బిరుదులు పెద్దవి. భటుడు అవన్నీ చదివి ముగించేలోపు పొలిమేర దాకా నడిచి వెనక్కి రావచ్చు.

ఒకనాడు ఆస్థాన పండితుడు గుండాశాస్త్రి ఆయన చెవిలో ఒక మాట వేశాడు. "ప్రభూ, మన చిత్రకారులు కుక్కల్నీ కోతుల్నీ చూసి స్ఫూర్తి పొందుతున్నారట. తమరుండగా వేరే స్ఫూర్తి దేనికి?"

రాజుకది న్యాయంగానే తోచింది. మర్నాడే చాటింపు వేయించాడు. ఇకపై ఏ బొమ్మకైనా రాజుగారే స్ఫూర్తి. కాదన్నవాళ్ల కుంచెలు కాల్చి, ఊళ్లోంచి వెళ్లగొడతారు.

పాపం, చిత్రకారులేం చేస్తారు? ఆ నెలలో గీసిన బాలకృష్ణుడికి రాజుగారి బుర్రమీసాలే. కోడిపుంజుకూ అవే.

ఆ ఊళ్లో సూరక్క అని ఒకావిడ ఉండేది. కథలు చెప్పేవాళ్లకు గుడ్డ మీద బొమ్మలు గీసివ్వడం ఆమె వృత్తి. ఆమె బొమ్మల్లో మీసాలు లేవని శాస్త్రి ఆమెను సభకు రప్పించాడు. ఆమె చుట్టిన పటం ఒకటి చంకన పెట్టుకుని వచ్చింది.

"ఈ బొమ్మకు స్ఫూర్తి ఎవరు?" అన్నాడు శాస్త్రి, కుంచెలు కాల్చడానికి నిప్పు కూడా సిద్ధం చేయించి.

"ఇంకెవరండీ, రాజుగారే. మీరు పిలవకపోయినా నేనే వచ్చేదాన్ని. ఇంకా కళ్లు పెట్టలేదు."

"ఏం, ఎందుకు పెట్టలేదు?" అన్నాడు రాజు.

"మా పద్ధతంతే ప్రభూ. కళ్లు ఆఖర్న పెడతాం. స్ఫూర్తినిచ్చినవారిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, వారి కళ్లలోకి చూస్తూ పెడతాం."

రాజు మురిసిపోయి గడ్డం పైకెత్తాడు. సూరక్క పటం విప్పింది. చెవులు నిక్కించి, నోరంతా తెరిచి ఓండ్రపెడుతున్న గాడిద.

ఆమె రాజు మొహంలోకి తేరిపార చూసింది. ఒక గీత గీసింది. మళ్లీ చూసింది. గాడిదకు ఒక కన్ను వచ్చింది. సేనాపతికి ఉన్నట్టుండి దగ్గు పట్టుకుంది.

"అది గాడిద కదూ?" అన్నాడు రాజు.

"అవును ప్రభూ. కాస్త కదలకండి."

"నన్ను చూసి గాడిదకు కళ్లు పెడతావా?"

"వేరే గాడిదను చూసి పెడితే కుంచెలు కాల్చేస్తారు కదండీ."

రాజు మొహం ఎర్రబడింది. పక్కకు తిరిగాడు. "శాస్త్రీ, ఈ ఆలోచన నీది. నువ్వొచ్చి ఇక్కడ కూర్చో."

"ప్రభూ," అన్నాడు శాస్త్రి రెండడుగులు వెనక్కి వేసి, "చాటింపులో నా పేరు లేదు."

దాంతో రాజుకే నవ్వాగలేదు. నవ్వి నవ్వి కిరీటం జారితే చేత్తో పట్టుకున్నాడు. అక్కడికక్కడే చాటింపు రద్దు చేసి, తన పట్టుశాలువా తీసి సూరక్కకు కప్పాడు.

"మరి రెండో కన్ను ఎవరిని చూసి పెడతావు?"

"మా వీధి చివర గాడిదను ప్రభూ. నన్నే చూసి గీయమని అదెప్పుడూ అడగలేదు."

రెండు కళ్లూ పెట్టిన ఆ పటాన్ని కొలువులోనే వేలాడదీశారు. ఏ కన్ను రాజుగారిది, ఏది గాడిదది అని వచ్చినవాళ్లంతా పందెం కాసేవారు. రాజుగారూ ఒకసారి కాశారు. ఓడిపోయారట.